లాక్‌డౌన్ నిబంధనలు, కరోనా అంచనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లాక్‌డౌన్ ఎత్తేసి ఏళ్లు గడిచినా దాని మీద వాదన ఆగలేదు. అనవసరంగా దేశాన్ని మూసేశారనేవాళ్లు, మూయకపోతే ఇంకా ఘోరం జరిగేదనేవాళ్లు ఒకే ఇంట్లో కనిపిస్తారు. ప్రొఫెసర్ల అంచనాలన్నీ తప్పాయన్న మాట కూడా అందులోనే వస్తుంది. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నా అభిప్రాయం ఉన్నచోట అది నా అభిప్రాయమనే రాశాను.

## లాక్‌డౌన్ పెట్టిన రోజులు

దేశం మొత్తం మీద 500 కేసులే ఉన్నప్పుడు అంత పెద్ద లాక్‌డౌన్ ఎందుకు పెట్టారు?

ఆ రోజు ఎన్ని కేసులున్నాయన్నదానికంటే అవి ఎంత వేగంగా పెరుగుతున్నాయన్నది ముఖ్యం. 2020 మార్చి 24 నాటికి దేశంలో నమోదైన కేసులు 500కు కాస్త పైగా ఉన్నాయి. లాక్‌డౌన్‌కు ముందు కేసులు 3.4 రోజులకోసారి రెట్టింపవుతున్నాయని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్ 20న చెప్పింది. ఆ వేగమే 21 రోజులు కొనసాగి ఉంటే 500 కేసులు 36 వేలయ్యేవి. ఏప్రిల్ మూడో వారానికి రెట్టింపయ్యే కాలం 7.5 రోజులకు పెరిగిందని కూడా అదే శాఖ చెప్పింది. మొదటి రోజు నుంచే ఈ వేగం ఉండి ఉంటే 21 రోజులకు మూడున్నర వేలే అయ్యేవి. నిజంగా ఏప్రిల్ 14 నాటికి నమోదైనవి 11 వేల దగ్గర.

ఒక్క అంకె మారితే ఫలితం పది రెట్లు మారిపోతుంది. అంచనాల మీద ఇంత గొడవ జరగడానికి మూలం అక్కడే ఉంది. అప్పట్లో మనకు టెస్టింగ్ కిట్లు, పీపీఈ కిట్లు, వెంటిలేటర్లు అన్నీ కొరతే. వాటిని సమకూర్చుకోవడానికి గడువు కావాలన్న వాదనలో బలం ఉందని నా నమ్మకం.

నాలుగు గంటల టైమ్ ఇచ్చి దేశాన్ని ఆపేయడం సరైనదేనా?

దేశాన్ని ఆపాలా వద్దా అన్నది ఒక నిర్ణయం. ఎలా ఆపాలన్నది వేరే నిర్ణయం. మొదటిదాన్ని సమర్థించేవాళ్లు రెండోదాన్ని కూడా సమర్థించాలని లేదు. నేనైతే సమర్థించను.

మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని ప్రకటించారు, 12 గంటలకు అమల్లోకి వచ్చింది. రైళ్లు అంతకుముందే ఆగాయి. రోజు కూలి మీద బతికేవాళ్లకు పని పోయింది, అద్దె మాత్రం ఆగలేదు, ఊరికి పోదామంటే దారి లేదు. మన దగ్గర మిరప కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు అడవి దారులు పట్టి నడిచారు. హైదరాబాద్ నుంచి ఉత్తరాదికి వెళ్లే హైవే మీద నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో కుటుంబాలు నడిచాయి. వలస కూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అంటే లాక్‌డౌన్ మొదలయ్యాక ఐదు వారాలు దాటింది. ఆ తర్వాత ఆ రైళ్లలో వెళ్లినవాళ్లు 63 లక్షల మంది.

వైరస్ పరంగా చూసినా ఇది నష్టమే. మార్చి చివర్లో కేసులు తక్కువగా ఉన్నప్పుడు నాలుగైదు రోజులు రైళ్లు నడిపి ఉంటే, జబ్బు పల్లెలకు చేరే ముప్పు మేలో కంటే తక్కువగా ఉండేది. దారిలో ఎందరు వలస కూలీలు చనిపోయారని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఆ సమాచారం లేదని కార్మిక శాఖ జవాబిచ్చింది. మొత్తం లాక్‌డౌన్ చరిత్రలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే జవాబు ఇదే.

ఏ చట్టం కింద మనల్ని ఇంట్లో ఉండమన్నారు?

కేంద్రం వాడింది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. రాష్ట్రాలు దానికి తోడు 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని, 144 సెక్షన్‌ను వాడాయి. ఉల్లంఘించినవాళ్ల మీద ఎక్కువగా ఐపీసీ 188 కింద, అంటే అధికారుల ఆదేశాన్ని ధిక్కరించారని కేసులు పెట్టారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ జాతీయ లాక్‌డౌన్ కంటే ముందే, మార్చి 31 వరకు తమ సొంత లాక్‌డౌన్ ప్రకటించాయి.

హైదరాబాద్ పోలీసులే పాస్ ఇచ్చారు కదా, ఏపీ బోర్డర్‌లో ఎందుకు ఆపారు?

2020 మార్చి 25న హైదరాబాద్‌లో చాలా హాస్టళ్లు మూసేస్తామనడంతో విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు పోలీస్ స్టేషన్ల ముందు క్యూ కట్టారు. కొన్ని స్టేషన్లు ఊరికి వెళ్లేందుకు పాస్‌లు ఇచ్చాయి. వాటితో బయలుదేరినవాళ్లను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్ట్‌లో ఏపీ పోలీసులు ఆపేశారు. లాక్‌డౌన్‌లో రాష్ట్రం దాటి రావడం కుదరదని, వస్తే క్వారంటైన్‌కు వెళ్లాల్సిందేనని వాళ్లు చెప్పారు.

తమ నిబంధన ప్రకారం ఏపీ పోలీసులు చేసింది తప్పు కాదు. పాస్ పట్టుకుని వచ్చిన పిల్లల తప్పూ లేదు. రెండు రాష్ట్రాలు ముందే ఒకమాట అనుకోకపోవడమే తప్పు. హాస్టళ్లు ఎవరినీ ఖాళీ చేయించకూడదని తెలంగాణ ప్రభుత్వం ఆ వెంటనే ఆదేశించింది.

లాక్‌డౌన్‌లో జీతం కట్ చేయకూడదని ఆర్డర్ ఉందన్నారు, మరి ఎందుకు కట్ చేశారు?

ఆర్డర్ ఉన్న మాట నిజమే. పూర్తి జీతం ఇవ్వాలని కేంద్ర హోం శాఖ 2020 మార్చి 29న ఆదేశించింది. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. మే 18 నుంచి ఆ ఆదేశాన్ని కేంద్రమే ఉపసంహరించుకుంది. జూన్ 12న కోర్టు యాజమాన్యాల మీద బలవంతపు చర్యలు వద్దని, కార్మికులతో మాట్లాడి తేల్చుకోమని చెప్పింది. బతిమాలి బయటపడాల్సిన స్థితిలో ఉన్న కూలీని బేరమాడుకోమనడం న్యాయంగా అనిపించదు.

## నిబంధనల మీద సందేహాలు

రెడ్, ఆరెంజ్, గ్రీన్ జోన్లు దేన్ని బట్టి పెట్టారు?

2020 మే 4 నుంచి అమలైన జాబితాలో 130 రెడ్, 284 ఆరెంజ్, 319 గ్రీన్ జిల్లాలు ఉన్నాయి. మొత్తం కేసులు, రెట్టింపయ్యే వేగం, పరీక్షల సంఖ్య చూసి రంగు నిర్ణయించారు. 21 రోజులుగా కొత్త కేసు లేకపోతే గ్రీన్. పరీక్షలు చేయని జిల్లాలో కేసు కనబడదు కాబట్టి కొన్నిచోట్ల ఆ పచ్చ రంగుకు పెద్ద విలువ లేదు.

ఉదయం కొన్ని గంటలే షాపులు తెరిస్తే జనం ఇంకా ఎక్కువ గుమిగూడతారు కదా?

అవును, ఇందులో అడిగేవాళ్లదే న్యాయం. 2021 మేలో ఏపీలో ఉదయం 6 నుంచి 12 వరకు, తెలంగాణలో మొదట 6 నుంచి 10 వరకు మాత్రమే సడలింపు. పన్నెండు గంటల్లో విడివిడిగా వచ్చే జనమంతా నాలుగు గంటల్లో వస్తే మార్కెట్లో కాలు పెట్టే చోటు ఉండదు. మనిషి ఇంటి బయట గడిపే సమయం తగ్గుతుంది, పోలీసులకు నిఘా తేలికవుతుంది అన్నది ప్రభుత్వాల లెక్క. కూరగాయల దగ్గర మాత్రం ఆ లెక్క ఎదురు తిరుగుతుంది. 2020 ఏప్రిల్, మే నెలల్లో చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి వైరస్ చిత్తూరు, నెల్లూరు జిల్లాల దాకా వచ్చింది. రద్దీ మార్కెట్ ఎంత ప్రమాదమో ఆంధ్రకు అప్పుడే తెలిసింది. రైతు బజార్లను మైదానాల్లోకి మార్చి, ఎక్కువ గంటలు తెరిచి ఉంచడమే మేలైన పద్ధతి అని నేననుకుంటాను.

గుడి, బడి మూసేసి మద్యం షాపులు ఎందుకు తెరిచారు?

ఆదాయం కోసం. జీఎస్టీ పరిధిలోకి రాని, రాష్ట్రాలు సొంతంగా పన్ను వేసుకోగలిగిన సరుకుల్లో మద్యం, పెట్రోల్, డీజిల్ ముఖ్యమైనవి. 2020 మే 4న ఏపీలో షాపులు తెరిచి 25 శాతం ధర పెంచారు, మర్నాడు ఇంకో 50 శాతం పెంచారు. తెలంగాణలో మే 6న 16 శాతం పెంచి తెరిచారు. కొనేవాళ్లను తగ్గించడానికే పెంచామన్నారు గాని మొదటి రోజు క్యూలు కిలోమీటర్ల పొడవున కనిపించాయి.

నెలన్నరగా గడప దాటని పెద్దవాళ్లు ఆ దృశ్యం టీవీలో చూశారు. దాంతో నిబంధనల మీద జనానికున్న గౌరవం ఒక్కసారిగా పడిపోయింది. వ్యాధి వ్యాప్తిని అంచనా వేసే ఏ మోడల్‌లోనూ ఆ నష్టం కనిపించదు.

నైట్ కర్ఫ్యూ వల్ల ఉపయోగమేంటి? వైరస్ రాత్రిపూటే తిరుగుతుందా?

పార్టీలు, రాత్రి విందులు, బార్లు ఆపడం దాని ఉద్దేశం. 2021 ఏప్రిల్ 20 నుంచి తెలంగాణలో, ఏప్రిల్ 24 నుంచి ఏపీలో పెట్టారు. గాలి ఆడని గదుల్లో జనం గుమిగూడితే వైరస్ బాగా వ్యాపిస్తుందని అప్పటికే తెలుసు కాబట్టి ఆలోచన పూర్తిగా అర్థరహితం కాదు. కానీ పగలు సభలు, ర్యాలీలు, పెళ్లిళ్లు జరగనిచ్చి రాత్రి రోడ్డు మాత్రమే ఖాళీ చేయిస్తే ప్రయోజనం చాలా తక్కువ. ఆ ఏప్రిల్‌లో జరిగింది ఇదే.

## అంచనాలను ఎలా చదవాలి

ఈ మోడల్స్ అసలు ఎలా లెక్కేస్తాయి?

జనాన్ని మూడు గుంపులుగా చూస్తారు. ఇంకా సోకనివాళ్లు, ఇప్పుడు సోకి ఉన్నవాళ్లు, కోలుకున్న లేదా చనిపోయినవాళ్లు. ఒక గుంపు నుంచి ఇంకో గుంపులోకి రోజుకు ఎందరు మారతారో సమీకరణాలు చెబుతాయి. ఈ పద్ధతిని 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ ప్రచురించారు. దాన్ని సరిచూడటానికి వాళ్లు వాడింది 1905-06లో బొంబాయిలో వచ్చిన ప్లేగు మరణాల లెక్కలు. అంటే ఈ శాస్త్రం మన నేల మీది చావుల లెక్కల్లోంచే పుట్టింది.

సమీకరణాలు సులువైనవే, వాటిలోకి వెళ్లే అంకెలు దొరకడమే కష్టం. ఒక రోగి ఎందరికి అంటిస్తాడు, లక్షణాలు లేనివాళ్లు ఎందరు, జనం ఎంతమేర ఇంట్లో ఉంటారు అన్నవి జబ్బు కొత్తగా వచ్చినప్పుడు ఎవరికీ సరిగ్గా తెలియవు.

లక్షల మంది చనిపోతారన్నారు, అంతమంది చనిపోలేదు. అంటే ఆ అంచనా అబద్ధమేగా?

ముందు ఆ అంచనా ఏ షరతు మీద చెప్పారో చూడాలి. అందరూ ఉదాహరణగా చెప్పేది లండన్ ఇంపీరియల్ కాలేజీలో నీల్ ఫెర్గూసన్ బృందం 2020 మార్చి 16న ఇచ్చిన నివేదిక. బ్రిటన్‌లో 5.1 లక్షలు, అమెరికాలో 22 లక్షల మంది చనిపోవచ్చని అందులో ఉంది. అది ప్రభుత్వం గాని జనం గాని ఏమీ చేయకుండా ఊరుకుంటే అన్న షరతుతో చెప్పిన మాట. గట్టి చర్యలు తీసుకుంటే సంఖ్య చాలా తగ్గుతుందనే పట్టికలు కూడా అదే నివేదికలో ఉన్నాయి. పత్రికల్లో మాత్రం పెద్ద అంకె ఒక్కటే మిగిలింది. బ్రిటన్‌లో లాక్‌డౌన్లు పెట్టాక, వ్యాక్సిన్లు వచ్చాక కూడా మరణాలు చివరికి 2 లక్షలు దాటాయి.

తీరాంధ్రవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కు ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు కాబట్టి మరణాలు ఆ స్థాయికి వెళ్లలేదు. అంతమాత్రాన హెచ్చరిక అబద్ధమని ఎవరూ అనలేదు. అయితే ఒక తేడా ఉంది. మనం ఇళ్లు ఖాళీ చేశామని తుఫాను దారి మార్చుకోదు. మనం ఇంట్లో ఉంటే మాత్రం అంటువ్యాధి దారి మారుతుంది. హెచ్చరిక వినడం వల్లే హెచ్చరిక తప్పినట్టు కనిపిస్తుంది.

దీన్ని సాకుగా వాడుకోవడం మాత్రం తప్పు. అంచనా వేసినవాళ్లు ఏ షరతుకు ఏ ఫలితమో ముందే రాసి ఉంచితేనే ఈ సమర్థన చెల్లుతుంది. తర్వాత కల్పించుకుంటే చెల్లదు.

2020 మే 16 కల్లా కేసులు సున్నా అవుతాయని నీతి ఆయోగ్ చెప్పిందా?

ఆ గ్రాఫ్ నిజమైనదే. నీతి ఆయోగ్ సభ్యుడు డాక్టర్ వి.కె.పాల్ ఏప్రిల్ 24న విలేకరుల సమావేశంలో చూపించారు. అందులో కొత్త కేసుల గీత మే 16 దగ్గర సున్నాకు దిగింది. మే 16 వచ్చేసరికి రోజుకు దాదాపు నాలుగు, ఐదు వేల కేసులు వస్తున్నాయి. ఫలానా తేదీకి సున్నా అవుతుందని ఎవరూ చెప్పలేదని, అపార్థానికి చింతిస్తున్నామని ఆయన మేలో వివరణ ఇచ్చారు.

గీత గీసి, కింద తేదీ వేసి, దేశానికి చూపించాక జనం దాన్ని తేదీగానే చదువుతారు. ఉన్న గీతను ముందుకు పొడిగించడం వేరు, వ్యాధి ఎలా పాకుతుందో లెక్కించడం వేరు. అక్కడ జరిగింది మొదటిది.

కేసీఆర్ ప్రెస్‌మీట్‌లో చెప్పిన బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ రిపోర్ట్ సంగతేంటి?

జూన్ 3 దాకా లాక్‌డౌన్ ఉంటే మంచిదని ఆ సంస్థ రిపోర్ట్ చెబుతోందని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 2020 ఏప్రిల్ 6న అన్నారు. తర్వాత తెలంగాణ తన లాక్‌డౌన్‌ను కేంద్రం కంటే ఎక్కువగా, మొదట మే 7 వరకు, ఆపై మే 29 వరకు పొడిగించింది. ముఖ్యమంత్రి తన ఆధారమేంటో బయటపెట్టడం మంచి పనే. అయితే కోట్ల మంది జీవితాల మీద నిర్ణయానికి ఆధారమైన లెక్క, అందరూ చూసి తప్పొప్పులు చెప్పేలా ఉండాలి. ప్రైవేటు సంస్థ స్లైడ్లు ఆ పనికి సరిపోవు. ఇది తెలంగాణ ఒక్కదాని సమస్య కాదు, దాదాపు అన్ని ప్రభుత్వాలూ అలాగే నడిచాయి.

తెలంగాణలో తక్కువ కేసులు, ఏపీలో ఎక్కువ కేసులు ఎందుకు వచ్చాయి?

2020 ఆగస్టులో ఏపీలో రోజుకు 10 వేలు దాటితే తెలంగాణలో 3 వేల దగ్గర ఆగాయి. ఇందులో పెద్ద భాగం పరీక్షల తేడా. ఏపీ మొదటి నుంచీ ఎక్కువ పరీక్షలు చేసింది. తెలంగాణలో పరీక్షలు తక్కువని, హెల్త్ బులెటిన్‌లో వివరాలు సరిగా లేవని రాష్ట్ర హైకోర్టు ఆ ఏడాది చాలాసార్లు మందలించింది.

నమోదైన కేసు అంటే దొరికిన కేసు మాత్రమే. వైరస్ సోకాక రక్తంలో పుట్టే యాంటీబాడీలను చూసి ఎందరికి సోకిందో తేల్చేది సీరో సర్వే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన మొదటి సీరో సర్వే లెక్క ప్రకారం 2020 మే మొదటి వారానికే దేశంలో దాదాపు 64 లక్షల మంది పెద్దవాళ్లకు సోకి ఉండొచ్చు. అప్పటికి నమోదైనవి సుమారు 50 వేలు. ఈ తేడా చూశాక, కేసుల సంఖ్య మీద వేసిన అంచనా సరిపోయిందా లేదా అని తీర్పు చెప్పడం ఎంత కష్టమో తెలుస్తుంది.

## సెకండ్ వేవ్ నాటి అంచనాలు

సూపర్ మోడల్ కమిటీ అంటే ఎవరు? 2021 ఫిబ్రవరికి కరోనా అయిపోతుందన్నది వాళ్లేనా?

వాళ్లే. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వేసిన ఈ కమిటీకి ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ ఎం.విద్యాసాగర్ అధ్యక్షుడు. ఆయన పుట్టింది గుంటూరులో. ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ మణీంద్ర అగర్వాల్, సైనిక వైద్యురాలు లెఫ్టినెంట్ జనరల్ మాధురి కనిట్కర్ ఆయనతో పనిచేశారు. వాళ్ల మోడల్ పేరు సూత్ర.

2020 అక్టోబరులో వాళ్లు చెప్పింది ఇది: పీక్, అంటే కేసులు అన్నిటికంటే ఎక్కువగా ఉండే దశ, సెప్టెంబరులో దాటిపోయింది, జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు అతి తక్కువకు వస్తాయి. చాలామంది మరచిపోయేదేంటంటే, ఫిబ్రవరి దాకా అది సరిగ్గానే నడిచింది. 2020 సెప్టెంబరులో రోజుకు 97 వేలు దాటిన కేసులు ఫిబ్రవరి రెండో వారంలో 10 వేల దగ్గరికి దిగాయి. తప్పు ఆ తర్వాత జరిగింది. తగ్గుతాయన్న మాటను అయిపోయిందన్న మాటగా పాలకులు, మీడియా, మనమందరం విన్నాం. 2021 మార్చి 7న అప్పటి ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ మహమ్మారి చివరి ఘట్టంలో ఉన్నామన్నారు. రెండు నెలల్లో రోజుకు 4.14 లక్షల కేసులొచ్చాయి.

మోడల్‌లోనూ లోపం ఉంది. అప్పటికే దాదాపు 30 శాతం జనానికి సోకిందని కమిటీ లెక్కగట్టింది. డిసెంబరు, జనవరిలలో చేసిన ఐసీఎంఆర్ సర్వేలో తేలింది 21 శాతమే. అంటే ఇంకా సోకనివాళ్లు మోడల్ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ మంది మిగిలి ఉన్నారు. కొత్త వేరియంట్ లెక్కలోనే లేదు. సెకండ్ వేవ్ తీవ్రతను మోడల్ పట్టుకోలేకపోయిందని ఆ ముగ్గురూ 2021 మేలో బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీని గౌరవిస్తాను.

హైదరాబాద్‌లో 54 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయన్నారు కదా, మరి ఆస్పత్రులు ఎందుకు నిండిపోయాయి?

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో సుమారు 9 వేల మందిని పరీక్షించి 2021 మార్చి మొదట్లో ఆ ఫలితం చెప్పాయి. సర్వే తప్పని అనలేం. 54 శాతం మందికి ఉన్నాయంటే 46 శాతం మందికి లేవు. కోటి జనాభా దగ్గరున్న నగరంలో అది 40 లక్షలకు పైమాట. పైగా సెకండ్ వేవ్‌లో వ్యాపించిన డెల్టా వేరియంట్ అంతకుముందు వైరస్ కంటే చాలా వేగంగా పాకేది. అది ఆగడానికి సగం మందికి యాంటీబాడీలు ఉంటే చాలదు. ఆ ఫలితాన్ని పట్టుకుని హెర్డ్ ఇమ్యూనిటీ (వైరస్ ఇక పాకలేనంత మందికి రక్షణ) వచ్చేసిందని ధైర్యం చెప్పినవాళ్లది తొందరపాటు.

సెకండ్ వేవ్ వస్తుందని ముందే ఎవరూ చెప్పలేదా?

చెప్పారు. 2020 నవంబరులోనే ఆక్సిజన్, పడకల కొరత గురించి పార్లమెంటు స్థాయీ సంఘం హెచ్చరించింది. 2021 ఫిబ్రవరిలో అమరావతి, అంటే మహారాష్ట్ర అమరావతిలో కేసులు పెరగడం అందరూ చూశారు. వైరస్ జన్యుక్రమాన్ని గమనించే ఇన్సాకాగ్ మార్చి మొదట్లోనే కొత్త వేరియంట్ గురించి అధికారులను హెచ్చరించింది. ఈ హెచ్చరికల్లో దేనికీ సమీకరణం అక్కర్లేదు. అయినా కుంభమేళా, ఐదు అసెంబ్లీల ఎన్నికల సభలు జరిగాయి.

2021 ఏప్రిల్‌లో పీక్ తేదీని అన్నిసార్లు ఎందుకు మార్చారు?

సూత్ర మోడల్ ఏప్రిల్ మొదట్లో ఆ నెల మధ్యలోనే పీక్ అంది. ఏప్రిల్ 23 నాటికి మే 11-15కు మార్చి, యాక్టివ్ కేసులు 33-35 లక్షలు ఉంటాయంది. మూడు రోజులకు మే 14-18, 38-48 లక్షలు అంది. చివరికి యాక్టివ్ కేసులు మే రెండో వారం మొదట్లో 37 లక్షల పైచిలుకు దగ్గర ఆగాయి.

రోజువారీ కేసులు ఎంత వేగంగా మారుతుంటే అంచనా అంతగా ఊగుతుంది. కొత్త సమాచారం వచ్చినప్పుడు మార్చడం శాస్త్రానికి సహజం, మార్చకపోతేనే అనుమానించాలి. వచ్చిన చిక్కల్లా ప్రతిసారీ దాన్ని ఖాయమైన తేదీలా ప్రకటించడం. ఆక్సిజన్ కోసం తిరుగుతున్న కుటుంబం ఆ తేదీ కోసం రోజులు లెక్కపెట్టుకుంటుంది.

థర్డ్ వేవ్ పిల్లలకే వస్తుందన్నారు, నాలుగో వేవ్ ఆగస్టులో అన్నారు. ఏమయ్యాయి?

పిల్లలకే అన్నదానికి ఆధారం లేదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అప్పుడే చెప్పింది. పిల్లల్లో చాలామందికి అప్పటికే సోకి పోయిందని సర్వేలు చూపించాయి. అయినా తల్లిదండ్రులు నెలల తరబడి టెన్షన్ పడ్డారు. నాలుగో వేవ్ 2022 జూన్ 22న మొదలై ఆగస్టు రెండో సగంలో పీక్‌కు వెళ్తుందన్నది ఐఐటీ కాన్పూర్ గణాంక శాస్త్రవేత్తల పత్రం. జింబాబ్వే కేసుల గీతతో పోల్చి వేసిన లెక్క అది. అంత పెద్ద వేవ్ రాలేదు.

అదే 2022 జనవరిలో ఒమిక్రాన్ గురించి మణీంద్ర అగర్వాల్ వేసిన దగ్గరి అంచనా బాగా కుదిరింది. పీక్ జనవరి 23 ప్రాంతంలో, 4 లక్షల లోపు అన్నారు. నిజంగా జనవరి 20 ప్రాంతంలో 3.47 లక్షల దగ్గర ఆగింది. వారం, రెండు వారాల ముందుచూపును నమ్మొచ్చు. ఆరు నెలల తర్వాతి తేదీని నమ్మకూడదు.

## వెనక్కి తిరిగి చూస్తే

లాక్‌డౌన్ వల్ల ఎన్ని ప్రాణాలు దక్కాయి?

2020 మే 22న ప్రభుత్వమే కొన్ని లెక్కలు చెప్పింది. ఒక లెక్క ప్రకారం 37 వేల నుంచి 78 వేల ప్రాణాలు దక్కాయి. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ ప్రకారం 1.2 లక్షల నుంచి 2.1 లక్షలు. ఒకే రోజు, ఒకే వేదిక మీద చెప్పిన అంకెల్లోనే ఐదారు రెట్ల తేడా ఉంది. జరగనిదాన్ని లెక్కపెట్టేటప్పుడు ఇలాగే ఉంటుంది. ఏ ఒక్క అంకెనో పట్టుకుని లాక్‌డౌన్ గొప్పదనో, వ్యర్థమనో అనడం నాకు సబబనిపించదు. ఖర్చు వైపు లెక్క కూడా పక్కనే పెట్టాలి. 2020 ఏప్రిల్-జూన్‌లో జీడీపీ 23.9 శాతం పడిపోయిందని మొదటి అంచనా. బడులు ఏడాదిన్నర పాటు సరిగా నడవకపోవడం వల్ల పిల్లలు కోల్పోయింది ఇప్పటికీ పూడలేదు.

70-80 కోట్ల మందికి సోకుతుందన్న అంచనా తప్పని ప్రధాని అన్నారు కదా?

2021 జనవరి 28న దావోస్ సదస్సులో ఆ మాట అన్నారు. 20 లక్షల మందికి పైగా చనిపోతారన్న మాటను కూడా అక్కడే ప్రస్తావించారు. ఆరు నెలలు తిరక్కుండానే ఐసీఎంఆర్ నాలుగో సర్వేలో ఆరేళ్లు పైబడినవాళ్లలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. టీకా వేయించుకోనివాళ్లలో కూడా 60 శాతానికి పైగా. అంటే సోకినవాళ్ల సంఖ్య ఆ 70-80 కోట్లకు చేరింది. అంచనా గడువు ముగియకముందే దాని మీద తీర్పు చెప్పకూడదు, అది గెలిచిందనైనా, ఓడిందనైనా.

మరణాల విషయంలో ఎవరి లెక్క నమ్మాలి?

2021 చివరికి అధికారిక కోవిడ్ మరణాలు 4.81 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో భారత్‌లో రెండేళ్ల అదనపు మరణాలు (మామూలు రోజుల్లో జరిగేవాటికంటే ఎక్కువైనవి) 47 లక్షలని అంచనా వేసింది. ఆ మోడల్ పద్ధతి సరికాదని కేంద్రం అభ్యంతరం చెప్పింది. తర్వాత 2025 మేలో ప్రభుత్వ పౌర నమోదు వ్యవస్థే 2021 లెక్క విడుదల చేసింది. ఆ ఏడాది నమోదైన మరణాలు 1.02 కోట్లు. అంతకుముందు ఏడాది 81 లక్షలు. ఒక్క ఏడాదిలో 20 లక్షలకు పైగా పెరుగుదల ఇది.

పెరిగిన ప్రతి మరణమూ కోవిడ్ వల్లే అనలేం, నమోదు కూడా మెరుగుపడింది. కానీ 4.81 లక్షలు అసలు సంఖ్యకు దరిదాపుల్లో లేదని మన రిజిస్టర్లే చెబుతున్నాయి. ఆ లెక్క బయటికి రావడానికి మూడేళ్లు పట్టకుండా ఉండాల్సింది.

స్వీడన్ లాక్‌డౌన్ పెట్టకపోయినా బాగానే ఉంది కదా?

స్వీడన్ కూడా పెద్ద సమావేశాలు నిషేధించింది, పై తరగతులను ఆన్‌లైన్‌కు మార్చింది. చిన్నపిల్లల బడులు మాత్రం తెరిచే ఉంచింది, అది మనం నేర్చుకోదగ్గది. మొదటి నెలల్లో వృద్ధాశ్రమాల్లో మరణాలు పక్క దేశాలకంటే ఎక్కువ. మొత్తం మీద 2020-22 అదనపు మరణాలు ఐరోపాలో తక్కువవాటిలో ఒకటి. జబ్బు వస్తే జీతంతో ఇంట్లో ఉండగలిగే సమాజం అది. ముంబై ధారావి, విజయవాడ కృష్ణలంక లాంటి బస్తీల పరిస్థితులతో నేరుగా పోల్చలేం.

## మళ్లీ ఇలాంటి రోజు వస్తే

టీవీలో ఒక అంచనా కనిపిస్తే నమ్మాలా వద్దా ఎలా తేల్చుకోవాలి?

ఒకే అంకె చెబితే అనుమానించండి, ఇంత నుంచి ఇంత అని చెబితే వినండి. "ఏం చేస్తే, ఏం చేయకపోతే" అన్న షరతు ఉందో లేదో చూడండి. అదే బృందం కిందటిసారి చెప్పింది ఎంతవరకు కుదిరిందో, తప్పితే ఒప్పుకుందో లేదో వెతకండి. అన్నిటికంటే ముందు మీ జిల్లాలో పరీక్షలు ఎన్ని చేస్తున్నారో, వాటిలో ఎంత శాతం పాజిటివ్ వస్తున్నాయో బులెటిన్‌లో చూడండి. వారం వారం ఆ శాతం పెరుగుతుంటే, కేసులు తగ్గుతున్నాయని ఎవరు చెప్పినా జాగ్రత్తగానే ఉండండి.

ఒక నిబంధన ప్రాణాల మీదికి తెస్తోందనిపిస్తే మామూలు మనిషి ఏం చేయగలడు?

హైకోర్టుకు వెళ్లొచ్చు, అది పనిచేసిన సందర్భం ఉంది. 2021 మేలో ఏపీ నుంచి రోగులతో వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపారు. హైదరాబాద్ ఆస్పత్రిలో పడక ఖాయమైనట్టు ముందే అనుమతి ఉండాలని మే 11న సర్క్యులర్ ఇచ్చారు. దాని మీద పిటిషన్లు పడ్డాయి. తెలంగాణ హైకోర్టు మే 14న స్టే ఇచ్చింది, అంబులెన్సులు కదిలాయి.

కోర్టు దాకా వెళ్లలేనివాళ్లు సమాచార హక్కు చట్టం కింద ఆ నిబంధనకు ఆధారమైన ఫైల్ నోట్, నిపుణుల సిఫారసు కాపీ అడగొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలని చట్టంలో ఉంది. దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయాలి.